ఒక డబ్బు పాట – దాని హక్కుదారులు

ఆ మధ్య మా కళాశాల సాహిత్య గోష్ఠిలో 'మనీ' అనే అమెరికన్ పాటను వినిపించి, దానిమీద అభిప్రాయాలు చెప్పమన్నాను. మొదట 1959లో డెట్రాయిట్ నగరంలో బారెట్ స్ట్రాంగ్ అనే పద్దెనిమిదేళ్ళ నల్లజాతి యువకుడు పాడిన రికార్డునూ, తర్వాత 1963లో ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ అనే రాక్ బృందం పాడిన రికార్డునూ వినిపించాను. ఒక విద్యార్థి లేచి, "ఇది డబ్బుకు స్తోత్రం, పెట్టుబడిదారీ దురాశకు కట్టిన వరస" అన్నాడు. మరొకడు, "పాట నల్లవాళ్ళది, లాభం తెల్లవాళ్ళది. ఇది దోపిడి" అన్నాడు. ఇద్దరూ అభ్యుదయ భావాలు కలవాళ్ళే. వాళ్ళు వాడిన మాటలు మనం రోజూ వాడే మాటలే. కనుకనే వాటిని పరీక్షించవలసిన అవసరం వున్నది. నా ఉద్దేశంలో మొదటి తీర్పు తప్పు. రెండవది సగం మాత్రమే నిజం.

మొదటి తీర్పును చూద్దాం. ఈ పాటలో ఒక వ్యక్తి తనకు డబ్బు కావాలని అడుగుతాడు. ప్రేమ గొప్పదే గాని అది బాకీలు తీర్చదు. డబ్బు అన్నిటినీ కొనలేకపోవచ్చు గాని, అది కొనలేనిదానితో తనకు పని లేదు – స్థూలంగా పాటలోని భావం ఇది. దీన్ని దురాశ అనాలంటే ముందు ఆ అడిగేవాడెవడో తెలుసుకోవాలి. మేడలో కూర్చున్నవాడు ఇంకా డబ్బు కావాలంటే అది దురాశ. అద్దె బాకీపడ్డవాడు డబ్బు కావాలంటే దాన్ని మరో పేరుతో పిలవాలి. "జీవితంలో ఉత్తమమైన వస్తువులన్నీ ఉచితం" అనే నీతి ఎక్కువగా తిండికి లోటులేనివాళ్ళ నోటనే వినిపిస్తుంది. పాట ఆ నీతిని ఎత్తిచూపి, మరుక్షణమే తోసిపారేస్తుంది. దానిలోని వ్యంగ్యమంతా అక్కడ వున్నది.

పాట పుట్టిన స్థలమూ కాలమూ కూడా ఈ మాటను బలపరుస్తాయి. డెట్రాయిట్ మోటారుకార్ల నగరం. దక్షిణాది రాష్ట్రాలనుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ ఫ్యాక్టరీల చుట్టూ స్థిరపడ్డాయి. స్ట్రాంగ్ పుట్టింది కూడా దక్షిణాదిలోని మిసిసిపీ రాష్ట్రంలోనే. 1956లో పాకార్డ్ కంపెనీ డెట్రాయిట్‌లో కార్ల తయారీ ఆపేసింది. 1958 ఆర్థికమాంద్యం ఆ నగరాన్ని గట్టిగా దెబ్బతీసింది. ఆ మరుసటి ఏడాది వచ్చింది ఈ పాట. ఇటువంటి ఊళ్ళో ఒక కుర్రవాడు ప్రేమకన్నా ముందు డబ్బు కావాలని కేక వేస్తే, దానిని పెట్టుబడిదారీ భావజాలమని కొట్టివేయడం వస్తువును చూసి సందర్భాన్ని వదిలివేయడమే అవుతుంది.

రూపాన్ని చూసినా ఈ విషయమే తేలుతుంది. సోల్ సంగీతం అనే పేరు అప్పటికింకా స్థిరపడలేదు; నల్లవారి చర్చిగానమూ బ్లూస్ బాణీ కలిసి ఆ సంగీతం రూపుదిద్దుకుంటున్న రోజులవి. పియానో మంద్రస్థాయిలో ఒక బరువైన పలుకు పలుకుతుంది. అదే పలుకు యంత్రంలాగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. దానిమీద డోళ్ళు, టాంబొరిన్ మోగుతాయి. గాయకుడు ఒక మాట అంటాడు. వెనుకనున్న గొంతులు దానికి బదులిస్తాయి. ఇలా ఒకరు అనడం, పదిమంది అందుకోవడం నల్లవారి చర్చిలోనూ, అంతకుముందు వారి పనిపాటల్లోనూ వున్న పద్ధతి. దీనివల్ల ఒక మనిషి కోరిక గుంపు కోరికగా మారుతుంది. ఒంటరి లోభి పాటలో ఇటువంటి బృందగానానికి తావుండదు.

ఇక రెండవ తీర్పు. ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు మళ్ళీ పాడి రికార్డు చేయడాన్ని 'కవర్' అంటారు. 1950ల అమెరికాలో ఈ పద్ధతికి చెడ్డ చరిత్ర వున్నది. నల్లజాతి గాయకుల రికార్డులను ప్రసారం చేయడానికి జంకే రేడియో స్టేషన్లకోసం తెల్లజాతి గాయకులు అవే పాటలను నునుపుచేసి పాడేవారు. 1955లో ఫాట్స్ డామినో పాటనూ, 1956లో లిటిల్ రిచర్డ్ పాటనూ పాట్ బూన్ ఇలాగే పాడాడు. ఆ ఆగ్రహం మన విద్యార్థికి వుండడం న్యాయమే.

కాని బీటిల్స్ చేసిన పని అది కాదు. లివర్‌పూల్ రేవుపట్టణపు కుర్రవాళ్ళు వాళ్ళు. స్ట్రాంగ్ రికార్డు 1960లో బ్రిటన్‌లో విడుదలైంది. 1962 జనవరి 1న డెక్కా కంపెనీవారి పరీక్షలో వాళ్ళు పాడిన పదిహేను పాటల్లో 'మనీ' ఒకటి. డెక్కా వారిని తిరస్కరించింది. 1963 జులైలో ఇ.ఎం.ఐ. స్టూడియోలో మళ్ళీ ఈ పాటను రికార్డు చేశారు. పియానో వాయించినవాడు వారి నిర్మాత జార్జి మార్టిన్. అదే ఏడాది నవంబరు 22న విడుదలైన 'విత్ ది బీటిల్స్' ఆల్బంలో ఇది చివరి పాట. అందులోని పధ్నాలుగు పాటల్లో మూడు డెట్రాయిట్‌లోని ఈ ఒక్క కంపెనీనుంచే తీసుకున్నారు. జాన్ లెనన్ పాటను నునుపు చేయలేదు. ఇంకా గరుకు చేశాడు. గొంతు చించుకొని పాడాడు. చివరి భాగంలో తనకు స్వేచ్ఛ కావాలని ఒక కేక తనంతట తాను చేర్చాడు కూడా. ఆ చేర్పు గమనించదగినది. డబ్బు లేనివాడికి స్వేచ్ఛ కూడా లేదనే సంగతి మూలంలో మాటలకు వెనుక వున్నది. లెనన్ దానిని పైకి తెచ్చాడు. అయితే నష్టం కూడా వున్నది. స్ట్రాంగ్ పాటలో అడిగేవాడికి ఆ డబ్బుతో తీర్చవలసిన బాకీలు వున్నట్టు వినిపిస్తుంది. లెనన్ పాటలో ఆ బాకీలు కనిపించవు. కోపం మాత్రం మిగిలింది. కోపం ఎక్కువైంది, దాని కారణం పలచబడింది.

సరే, డబ్బు ఎవరికి పోయింది? ఇక్కడ మన విమర్శ చెవిని వదిలి కాగితాలను చూడవలసి వస్తుంది. బీటిల్స్ ఆల్బంమీద రచయితల పేర్లు బ్రాడ్‌ఫర్డ్, గోర్డీ అని వున్నాయి. జేనీ బ్రాడ్‌ఫర్డ్ ఆ డెట్రాయిట్ కంపెనీలో రిసెప్షనిస్టుగా పనిచేసిన యువతి. బెరీ గోర్డీ ఆ కంపెనీ యజమాని. ఇద్దరూ నల్లజాతివారే. అమెరికాలో 1909 చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డు మీద పాటకు 2 సెంట్ల చొప్పున చెల్లించాలి. ఈ రేటు 1978 దాకా మారలేదు. ఆ 2 సెంట్లు పోయేది రచయితకూ, ప్రచురణకర్తకూ. మొదట పాడినవాడికి అందులో దమ్మిడీ లేదు. రేడియోలో మోగినప్పుడు కూడా అక్కడ రచయితకే వస్తుంది గాని గాయకుడికి రాదు. అంటే లేబుల్ మీద పేరు కీర్తికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, అదే కూలి. పేరు లేకపోతే కూలి లేదు.

బారెట్ స్ట్రాంగ్ చెప్పింది ఇది: తాను స్టూడియోలో పియానో ముందు కూర్చొని రే చార్లెస్ పాటనొకదాన్ని వాయిస్తుంటే అందులోంచి 'మనీ' నడక పుట్టింది, కాబట్టి తాను కూడా ఆ పాటకు కర్తనే. కాపీరైటు రిజిస్టరులో మొదట ఆయన పేరు రచయితల్లో వున్నమాట నిజం. మూడేళ్ళ తర్వాత దానిని తొలగించారు. 28 ఏళ్ళ గడువు ముగిసి 1987లో కాపీరైటును పునరుద్ధరించినప్పుడు ఆ పేరు మళ్ళీ చేరింది. మరుసటి సంవత్సరం మళ్ళీ కొట్టివేశారు. ఈ మార్పులేవీ 2010 దాకా తనకు తెలియవని స్ట్రాంగ్ అన్నాడు. మొదట ఆయన పేరు చేరడమే గుమాస్తా పొరపాటని గోర్డీ పక్షం వాదన. 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ వ్యవహారాన్ని వివరంగా ప్రచురించింది. అప్పటికి చట్టం విధించిన గడువులన్నీ దాటిపోయాయి. 2023 జనవరిలో స్ట్రాంగ్ 81 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఈ వివాదంలో ఎవరిది సత్యమో తేల్చే న్యాయస్థానం కాదు విమర్శ. కాని రిజిస్టరులో దిద్దుబాటు చేయించగల బలం ఎవరి చేతిలో వున్నదని విమర్శ అడగాలి. ఆ గదిలో పియానో వాయించిన కుర్రవాడికి రిజిస్టరు ఎక్కడ వుంటుందో కూడా తెలియదు. యజమానికి తెలుసు. గోర్డీ ఈ పాటకు రచయితల్లో ఒకడు; దాన్ని ప్రచురించిన జోబెట్ సంస్థ కూడా ఆయనదే; రికార్డు తయారుచేసిన కంపెనీ కూడా ఆయనదే. ఒకే 2 సెంట్ల నాణెం ఆయన రెండు జేబుల్లోకి చేరుతుంది.

ఇలా అన్నంత మాత్రాన గోర్డీని ప్రతినాయకుణ్ణి చేయనవసరం లేదు. ఆయనే ఒకప్పుడు లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేసిన కార్మికుడు. 1959లో కుటుంబ పొదుపు నిధినుంచి 800 డాలర్లు అప్పు తీసుకొని కంపెనీ పెట్టాడు. తెల్లవారి పెట్టుబడి ఏలుతున్న పరిశ్రమలో నల్లజాతివాడు సొంత సంస్థ నిలబెట్టడం చిన్న విషయం కాదు. పేదల వాడల్లోని ఎందరో యువతీయువకులు ఆ సంస్థవల్లనే లోకానికి తెలిశారు. 'మనీ' ఆ కంపెనీకి తొలి రోజుల్లో నిలదొక్కుకునే బలాన్నిచ్చింది. 1960లో అది నల్లజాతి సంగీత పట్టికలో 2వ స్థానానికీ, సాధారణ పట్టికలో 23వ స్థానానికీ చేరింది. కాని గోర్డీ ఫ్యాక్టరీనుంచి తెచ్చుకున్నది శ్రామికుడి జ్ఞాపకం మాత్రమే కాదు, ఫ్యాక్టరీ పద్ధతి కూడా. ఒకరు రాయడం, ఒకరు వాయించడం, ఒకరు పాడడం, చివర తనిఖీ. కారు మీద బోల్టు బిగించినవాడి పేరు వుండనట్టే, మోటౌన్ రికార్డులమీద వాద్యకారుల పేర్లు 1971 దాకా లేవు. 1988లో గోర్డీ రికార్డు కంపెనీని 6 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మాడు. 1997లో పాటల హక్కుల్లో సగభాగాన్ని 13 కోట్ల 20 లక్షల డాలర్లకు ఇ.ఎం.ఐ.కి అమ్మాడు. బీటిల్స్ రికార్డులను అమ్మిన సంస్థ కూడా ఇ.ఎం.ఐ.యే. డెట్రాయిట్‌లో పుట్టిన పాట హక్కులు అలా అప్పట్లో లండన్ పెట్టుబడికే చేరాయి.

కాబట్టి మన రెండవ విద్యార్థి తీర్పును ఇలా సవరించాలి. జాతి వివక్ష లేకపోతే ఈ పాట ప్రపంచానికి చేరడానికి తెల్లజాతి గొంతు అవసరమయ్యేది కాదు. అంతవరకు అతను చెప్పింది నిజం. కాని స్ట్రాంగ్ పేరు తుడిచిపెట్టుకుపోయింది లివర్‌పూల్‌లో కాదు. డెట్రాయిట్‌లోనే, నల్లజాతి యజమానికీ నల్లజాతి శ్రామికుడికీ మధ్య. జాతి ఒక్కటే చూసేవాడికి ఇది కనిపించదు. వర్గం ఒక్కటే చూసేవాడికి ఆ యజమాని కూడా ఎందుకంత పట్టుదలగా హక్కులను గుప్పిట పట్టుకున్నాడో అర్థం కాదు. బయట తెల్లవారి మార్కెట్టు తనను ఎప్పుడైనా మింగవచ్చనే భయంలో బతికిన పెట్టుబడి అది.

స్ట్రాంగ్ కథ ఇంతటితో ముగియలేదు. పాటగాడిగా ఆయనకు మరో విజయం రాలేదు. కాని తర్వాత అదే సంస్థలో నార్మన్ విట్‌ఫీల్డ్‌తో కలిసి పాటల రచయిత అయ్యాడు. వియత్నాం యుద్ధం సాగుతుండగా 1970లో ఎడ్విన్ స్టార్ పాడిన 'వార్' అనే యుద్ధవ్యతిరేక గీతం ఈ ఇద్దరిదే. దానిని మొదట టెంప్టేషన్స్ బృందం పాడింది. ఆ పేరుపొందిన బృందం శ్రోతలు నొచ్చుకుంటారేమోనని కంపెనీ ఆ రికార్డును విడిగా విడుదల చేయలేదు. డబ్బు కావాలని పద్దెనిమిదో ఏట కేక వేసినవాడే ఇరవైతొమ్మిదో ఏట యుద్ధం వద్దని రాశాడు. మొదటిదానిని దురాశ అనీ, రెండవదానిని అభ్యుదయమనీ విడదీస్తే మనం ఆ మనిషిని అర్థం చేసుకోలేదన్నమాట. రెండూ ఒకే జీవితంలోనుంచి వచ్చాయి.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. మన దేశంలో సినిమా పాట రాసినవారూ, స్వరపరచినవారూ తమ రాయల్టీ భాగాన్ని నిర్మాతకు పూర్తిగా రాసివ్వడానికి వీల్లేదని చట్టం చెప్పడానికి 2012 దాకా పట్టింది. చట్టం సరే, మన సంగతేమిటి? పల్లెలో నాట్లువేస్తూ ఒక స్త్రీ పాడిన పాటను తెచ్చి, కింద 'జానపదం' అని రాసి, పైన సేకర్త పేరు పెద్దక్షరాల్లో అచ్చువేసిన పుస్తకాలు మన అలమరల్లో లేవా? వాటిని పాఠం చెప్పేటప్పుడు ఆమె పేరేమిటని నేనూ అడగలేదు. ఆ గుమాస్తా పొరపాటు మన చేతుల మీదుగానూ జరుగుతున్నది.

పాటలోని భావం పురోగామియా, తిరోగామియా అని అడగడం మానుకోవాలని నా వాదన కాదు. దానితోపాటు, ఈ పాటకు ఎవరు చెమటోడ్చారు, ఎవరి పేరు వున్నది, ఎవరి పేరు కొట్టివేశారు అని కూడా అడగాలి. ఈసారి గోష్ఠిలో ఆ ఇద్దరు విద్యార్థులకూ పాటతోపాటు ఆ రిజిస్టరు కథ కూడా చెప్పి, మళ్ళీ అభిప్రాయం అడుగుతాను.