తెరపై లోపము, పాఠములో లోపము

ఇస్లామీయ గ్రంథాలను తెలుగులో కూర్చేవారికి కంప్యూటరు తెచ్చిన చిక్కులలో ఒకటి స్వల్పంగా కనిపించును గాని స్వల్పమైనది కాదు. కంపోజిటర్ సరిగానే కూర్చుతాడు. టెక్స్ట్ ఎడిటర్ దానిని తెరపై తప్పుగా చూపుతుంది. ప్రూఫులు దిద్దేవారు తెరను నమ్మి, సరియైన పాఠాన్ని చెరిపివేస్తారు.

ఏ ఒక్క ఫాంటులోనూ అన్ని లిపుల రూపాలూ ఉండవు. ఎంచుకున్న ఫాంటులో ఒక అక్షరం లేనప్పుడు ఎడిటర్ మరొక ఫాంటు నుండి దానిని అరువు తెస్తుంది. ఎక్కడా దొరకకపోతే ఖాళీ పెట్టెను చూపుతుంది. ఫైలులోని సంకేతం మాత్రం చెక్కుచెదరదు.

దైవప్రవక్త పేరు వెంట వ్రాసే "సల్లల్లాహు అలైహి వసల్లం" అను వాక్యమంతటికీ యూనికోడ్‌లో ఒకే సంకేతం కలదు. విడదీస్తే ఖాళీలతో సహా 18 అవుతాయి. తెలుగు ఫాంటులలో సాధారణంగా దీనికి చోటుండదు. అరువు వచ్చిన రూపం ఒకచోట చీమతలంత ఉంటే, మరొకచోట పంక్తులను ఎడంగా నెట్టివేస్తుంది. ఇది భరించలేక కొందరు "(స)" అను పొడి అక్షరంతో సరిపెడతారు. హదీసు పండితుడు ఇబ్నుస్సలాహ్ (మరణం 1245) తన 'ముఖద్దిమా'లో దరూద్‌ను రెండక్షరాల గుర్తుగా కుదించవద్దని వారించారు. నాడు లేఖకుల తొందర, నేడు ఫాంటు సాకు. సంకేతం పలకకపోతే వాక్యాన్ని తెలుగులోనే పూర్తిగా వ్రాయవచ్చును కదా!

ఇంతకంటె తీవ్రమైనది చుక్క సంగతి. తెలుగులో లేని ధ్వనులను సూచించుటకు అక్షరం క్రింద పెట్టే నుక్తాకు యూనికోడ్ 14వ కూర్పులో, 2021లో, స్థానం లభించింది. నాగరి లిపిలో ఉర్దూ పదాలకు చేసినట్లు 'క' క్రింద చుక్క పెడితే అది ఖాఫ్ అవుతుంది. 'కల్బ్' అను మాట ఖాఫ్‌తో మొదలైతే హృదయం, కాఫ్‌తో మొదలైతే కుక్క. వాడుకగా 'ఖల్బ్' అని వ్రాసినా పూర్తిగా తీరదు, ఆ 'ఖ' మరొక అరబ్బీ హల్లుకు కూడా ప్రతినిధియే.

2021కి ముందు తయారై, తరువాత సవరింపబడని ఫాంటు ఈ చుక్కను ఎరుగదు. ఎడిటర్ అక్షరాన్నీ చుక్కనూ కలిపి వేరొక ఫాంటు నుండి తెస్తే అందం చెడును గాని అర్థం చెడదు. కాని కొన్ని సందర్భాలలో చుక్క అక్షరం నుండి విడిపోయి ఒక చుక్కల వలయం క్రింద వ్రేలాడుతుంది. చూచినవారు అది చెత్త అనుకొని తీసివేస్తారు. హృదయం కుక్కగా మారిన ఆ పంక్తి అచ్చులో ఎంతో శుభ్రంగా ఉంటుంది! ఆ మాటకు వస్తే ఖాళీ పెట్టెయే నయం, ఏదో లోపించిందని పాఠకునికి చెప్పి ఊరుకుంటుంది.

ఫాంటుల వరుసను నిర్ణయించుకొను వీలు చాలా ఎడిటర్లలో ఉన్నది. ముందుగా నుక్తా ఎరిగిన తెలుగు ఫాంటు, తరువాత అరబ్బీ ఫాంటు ఉండాలి. కైరోలోని బూలాఖ్ ముద్రణాలయపు అచ్చులను అనుసరించి ఖాలిద్ హుస్నీ రూపొందించిన 'అమీరీ' ఉచితంగానే లభిస్తుంది. వరుస తారుమారైతే అంకెలు, విరామచిహ్నాలు అరబ్బీ ఫాంటు నుండి వచ్చి పంక్తి వికారమవుతుంది. అచ్చుకు పంపే ప్రతిలో ఫాంటులను పొందుపరచకపోతే ముద్రణాలయపు కంప్యూటరు మళ్ళీ తనకు తోచినది అరువు తెస్తుంది.

ప్రూఫులు దిద్దేవారు అనుమానపు గుర్తును తీసివేసే ముందు దాని సంకేత సంఖ్యను చూడటం నిమిషం పని. తెలుగు నుక్తా సంఖ్య 0సి3సి.