ఎడమచేతి అచ్చులు, కుడిచేతి హల్లులు

ఎల్లారెడ్డి అన్న ఊరి పేరును ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేసి చూడండి. ‘ఎ’ ఎడమచేతికి వస్తుంది, ‘ల’ కుడిచేతికి, పొల్లు ఎడమకు, మళ్లీ ‘ల’ కుడికి, దీర్ఘం ఎడమకు. షిఫ్ట్‌ను లెక్కపెట్టకపోతే చివరి గుడి దాకా మొత్తం 11 మీటలు. ఏ చేయీ వరసగా రెండు మీటలు నొక్కాల్సిన పని పడదు. ఆ ఊరి జిల్లా కేంద్రం కామారెడ్డి పేరుకు 10 మీటలు కావాలి. నడుమ ‘మా’ దగ్గర తప్ప అక్కడా ఇదే వరస.

ఇది యాదృచ్ఛికం కాదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నింటికీ ఒకే అమరిక ఉండాలని ఇన్‌స్క్రిప్ట్‌ను ప్రామాణికం చేసింది. మన లిపుల్లో అక్షరం ఎక్కువగా హల్లుతో మొదలై గుణింతపు గుర్తుతో ముగుస్తుంది. అందుకే అచ్చుల్లోనూ గుణింతపు గుర్తుల్లోనూ దాదాపు అన్నింటినీ ఎడమచేతికి, హల్లుల్లో అత్యధిక భాగాన్ని కుడిచేతికి ఇచ్చారు. మ, ణ, న, వ మాత్రం కింది వరసలో ఎడమవైపు ఉంటాయి. ఇలా రెండు చేతులకూ పని పంచిన అమరికకు రెండు ముక్కల కీబోర్డు చక్కగా నప్పుతుంది. ఆ కీబోర్డును మన చేతికీ మన భాషకూ తగ్గట్టు మార్చుకునే సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్స్‌గా, ఉచితంగా దొరుకుతోంది. తెలుగు టైపు చేసేవాళ్లు ఈ విద్యను అందిపుచ్చుకోవాలి.

మామూలు కీబోర్డు మీద వేళ్లు ఆనించగానే మోచేతులు దగ్గరికి వస్తాయి, మణికట్లు బయటివైపు వంగుతాయి. మీటల వరసలు ఒకదాని కింద ఒకటి పక్కకు జరిగి ఉండటం 1870ల నాటి టైప్‌రైటర్ వారసత్వం. ప్రతి మీట కింద ఒక ఇనుప కడ్డీ వెళ్లాలి కాబట్టి అప్పుడు ఆ అమరిక తప్పలేదు. ఇప్పుడు కడ్డీలు లేవు, వంకర మిగిలింది. 1972లో కార్ల్ క్రోమర్ కీబోర్డును రెండుగా చీల్చి వాలుగా అమర్చాలని పరిశోధన వ్యాసం రాశారు. అదే దశకంలో బ్రిటన్‌లో టైపింగ్ శిక్షకురాలు లిలియన్ మాల్ట్, ఇంజనీరు స్టీఫెన్ హాబ్డే కలిసి మాల్ట్రాన్ కీబోర్డు తయారుచేశారు. బొటనవేళ్లకు విడిగా మీటల గుంపు ఇవ్వడం అందులోని గొప్ప మెరుగుదల. రెండు బొటనవేళ్లకూ కలిపి ఒక్క స్పేస్‌బార్ ఇచ్చి ఊరుకుంటే బలమైన వేళ్లను ఖాళీగా కూర్చోబెట్టినట్టే.

ఈ ఆలోచనల మీదే ఎర్గోడాక్స్, 42 మీటల కోర్న్, 34 మీటల ఫెర్రిస్ వంటి ఓపెన్ డిజైన్లు పుట్టాయి. వీటి సర్క్యూట్ బోర్డు ఫైళ్లు ఎవరైనా దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. కోర్న్‌లో ఒక్కో ముక్కకు 21 మీటలు. ఒక్కో మీటకు ఒక్కో తీగ లాగితే చిప్‌కు కాళ్లు చాలవు. అందుకే 4 అడ్డ వరసలు, 6 నిలువు వరసలుగా జాలీ అల్లి, 10 కాళ్లతోనే పని నడిపిస్తారు. ప్రతి మీట దగ్గరా ఒక డయోడ్ ఉంటుంది. అది లేకపోతే మూడు మీటలు కలిపి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది కూడా నొక్కినట్టు కనబడవచ్చు. తీగతో కలిపే రకాల్లో రెండు ముక్కల మధ్య హెడ్‌ఫోన్ తీగలాంటి కేబుల్ వాడతారు. కరెంటు ఉండగా దాన్ని పీకితే షార్ట్ అయ్యి చిప్ కాలిపోవచ్చు. ముందు యూఎస్‌బీ తీయాలి, తర్వాతే ఆ కేబుల్ ముట్టుకోవాలి.

ఆ చిప్‌లో కూర్చుని మీటలను చదివే చిన్న ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. జపాన్‌కు చెందిన జున్ వాకో రాసిన టీఎంకే అనే ఫర్మ్‌వేర్‌ను ఆధారం చేసుకుని జాక్ హంబర్ట్ క్యూఎంకే మొదలుపెట్టారు. నేడు వేలమంది చేతులు పడిన ప్రాజెక్టు అది. జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నందున దాన్ని మార్చి పంచేవాళ్లు తమ మార్పుల కోడ్‌ను కూడా బయటపెట్టాలి. తీగ లేని కీబోర్డుల కోసం 2020లో పీట్ జోహాన్సన్ జెడ్ఎంకే మొదలుపెట్టారు. బ్లూటూత్ చిప్‌ల సాఫ్ట్‌వేర్ లైసెన్సులు జీపీఎల్‌తో పొసగవు కాబట్టి దానికి అలాంటి షరతు పెట్టని ఎంఐటీ లైసెన్సు ఎంచుకున్నారు. జెడ్ఎంకేలో సొంత కంప్యూటర్ మీద ఏ పనిముట్టూ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఏ మీటకు ఏ పనో రాసి ఉండే కీమ్యాప్ ఫైలు మార్చి, గిట్‌హబ్ అనే కోడ్ నిల్వ సైటులో పెడితే ఫర్మ్‌వేర్ అక్కడే తయారవుతుంది. చిప్ మీది రీసెట్ రెండుసార్లు నొక్కితే కీబోర్డు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఫైలు అందులో వేస్తే చాలు. పాత కంప్యూటర్, ఓ మాదిరి ఇంటర్నెట్ ఉన్న ఊళ్లో ఇది పెద్ద వెసులుబాటు.

తక్కువ మీటలతో అన్ని అక్షరాలు ఎలా వస్తాయి? పొరలతో. ఒక బొటనవేలి మీట నొక్కిపట్టగానే వేళ్ల కిందే అంకెలు వస్తాయి, ఇంకొకటి పడితే బాణం గుర్తులు వస్తాయి. చేయి కదలదు, మీటల అర్థమే మారుతుంది. రెండో మెళకువ తట్టడానికీ పట్టడానికీ తేడా చూడటం. ఒకే మీట తడితే అక్షరం, 200 మిల్లీసెకన్లు దాటి పడితే షిఫ్ట్. ఈ గడువును ఎవరి వేగాన్ని బట్టి వాళ్లు సరిచేసుకోవాలి. మూడోది కాంబో. పక్కపక్క మీటలు రెండూ కలిపి నొక్కితే మూడో పని జరుగుతుంది.

ఇక తెలుగుకు దీనివల్ల ఒరిగేదేమిటో చూద్దాం. కీబోర్డు తెలుగు అక్షరాన్ని పంపదు. మీట సంఖ్యను మాత్రమే పంపుతుంది, అక్షరంగా మార్చేది కంప్యూటర్‌లోని ఇన్‌స్క్రిప్ట్. ఈ సంగతి తెలిస్తే దారులు కనిపిస్తాయి. మన మాటల్లో ద్విత్వాలు విపరీతం: అమ్మ, అన్న, చెట్టు, బువ్వ. క్యూఎంకేలో రిపీట్ కీ అనే సదుపాయం చివరిసారి నొక్కిన మీటను గుర్తుపెట్టుకుంటుంది. దానికి ముందు పొల్లు పంపేలా కొద్ది లైన్ల కోడ్ రాస్తే బొటనవేలి కింద ఒక ద్విత్వం మీట తయారవుతుంది. ‘మ’ కొట్టి దాన్ని తడితే ‘మ్మ’, ‘ట’ కొట్టి తడితే ‘ట్ట’. అప్పుడు ఎల్లారెడ్డికి 11 బదులు 9 మీటలు, కామారెడ్డికీ 9. అలాగే పొల్లునూ ‘ర’నూ కలిపి పంపే మీట ఒకటి పెట్టుకుంటే ప్ర, త్ర, క్ర, గ్ర అన్నీ ఒక తట్టు తక్కువలో వస్తాయి.

ఇంకో దిద్దుబాటు కూడా అవసరం. హిందీలో హ్రస్వ ఎ, ఒ లేవు. అన్ని లిపులకూ ఒకే అమరిక కాబట్టి చేతికి అందే మధ్య వరసలో ఏత్వం, ఓత్వం చోటు దక్కించుకున్నాయి. తెలుగులో అడుగడుగునా వచ్చే ఎత్వం కింది వరస మూలకు, ఒత్వం పై వరస ఎడమ కొసకు పోయాయి. కొడుకు, పొలం, రొట్టె, మొక్క రాసే ప్రతిసారీ చిటికెనవేలు అంత దూరం సాగాలి. ఫర్మ్‌వేర్‌లో తెలుగు కోసం ఒక పొర చేసి, అందులో ఒత్వాన్ని దగ్గరి మీటకు తెచ్చుకుంటే ఆ శ్రమ తప్పుతుంది. ఆ పొర తెరిచే మీటకే కంప్యూటర్‌లో భాష మార్చే షార్ట్‌కట్‌ను కూడా జతచేయాలి. లేకపోతే కీబోర్డు తెలుగులో, కంప్యూటర్ ఇంగ్లిష్‌లో ఉండిపోతాయి.

కొడవలి పిడిని పట్టేవాళ్ల చేతికి తగ్గట్టు చెక్కించుకోవడం మన ఊళ్లలో కొత్త విషయం కాదు. రోజంతా కీబోర్డు మీద బతికేవాళ్లకు ఆ హక్కు ఇన్నాళ్లూ అందలేదు. మీసేవలో దరఖాస్తులు ఎక్కించేవాళ్లు, డీటీపీ షాపుల్లో కరపత్రాలు, శుభలేఖలు కూర్చేవాళ్లు, టైపు పరీక్షలకు తయారయ్యే పిల్లలు అందరూ ఎక్కడో ఎవరో నిర్ణయించిన పలక ముందే చేతులు వంచి కూర్చుంటున్నారు. రెండు ముక్కల కీబోర్డు నొప్పులన్నీ పోగొడుతుందని చెప్పను. నొప్పి ఉంటే డాక్టరును చూడాల్సిందే. కానీ భుజాల వెడల్పుకు ముక్కలు జరుపుకుంటే మణికట్టు వంపు తగ్గుతుంది, రోజూ గంటల తరబడి చేసే పనిలో అది చిన్న లాభం కాదు.

కొత్త కీబోర్డు కొనే స్తోమత లేదని ఆగిపోవద్దు. కనాటా అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. పొరలు, తట్టు-పట్టు తేడా వంటి మెళకువలను మీ దగ్గరున్న మామూలు కీబోర్డు మీదే చేయిస్తుంది. దానితో మొదలుపెట్టండి. ముందు ఒక్క మీట మార్చి వారం వాడండి, చేయి అలవాటు పడ్డాక రెండోది మార్చండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి టైపు ఇన్‌స్టిట్యూట్లు, డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబులు దీన్ని పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. జాలీ అల్లిక ఎలక్ట్రానిక్స్ పాఠం, కోడ్ ప్రోగ్రామింగ్ పాఠం, ద్విత్వం వ్యాకరణ పాఠం అవుతాయి. మీకు కుదిరిన కీమ్యాప్‌ను మీ దగ్గరే దాచుకోకుండా స్వేచ్ఛా లైసెన్సుతో నలుగురికీ ఇవ్వండి. తెలుగు చేతికి తగిన కీమ్యాప్‌ను రోజూ తెలుగు టైపు చేసేవాళ్లే తయారుచేయాలి. అందుకు కావలసిన పనిముట్లన్నీ ఇప్పటికే మన ముందున్నాయి.