బంగారు తీగకు వేలాడిన సూది

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. రెండింటినీ హెచ్చవేస్తే సామర్థ్యం వస్తుంది. పదో తరగతి పిల్లలు అర నిమిషంలో చేసేసే లెక్క ఇది. ఆ భాగహారం మొదట ఎవరి బల్ల మీద, ఏ సామానుతో తేలిందో చూద్దామని గెయార్గ్ సైమన్ ఓమ్ 1826లో వేసిన కొలతల పట్టిక ముందుపెట్టుకుని కూర్చున్నాను. ఇంత శుభ్రమైన చేతిపని నేను అరుదుగా చూశాను.

ఓమ్ తండ్రి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే పనివాడు. సొంతంగా చదువుకుని, కొడుకులకు లెక్కలు తనే నేర్పాడు. ఓమ్ కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉంటూ, పాఠాలయ్యాక మిగిలిన వేళల్లో కరెంటును కొలవడం మొదలుపెట్టాడు. 1825లో మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. అప్పటి బ్యాటరీలకు నిలకడ ఉండేది కాదు. తీగ తగిలించగానే కరెంటు ఒక్కసారి ఎగసి, చూస్తుండగానే పడిపోయేది. ఆ కదిలే అంకెల మీద ఆధారపడి ఆయన ఒక సంవర్గమాన సూత్రం ప్రచురించాడు. అది తప్పు.

అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే పత్రికా సంపాదకుడు ఒక సలహా ఇచ్చాడు: బ్యాటరీ మానేసి, 1821లో సీబెక్ కనిపెట్టిన పద్ధతి వాడి చూడమని. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, ఇంకోదాన్ని చల్లగా ఉంచితే కరెంటు పారుతుంది. ఓమ్ బిస్మత్ కడ్డీకి రాగి పట్టీలు బిగించి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. నీళ్లు మరుగుతున్నంతసేపు, మంచు కరుగుతున్నంతసేపు ఆ రెండు వేడిమిలూ మారవు, కాబట్టి కరెంటును తోసే బలమూ మారదు. ఈనాటి లెక్కలో ఆ బలం కొన్ని మిల్లీవోల్టులే. అయితేనేం, నిలకడగా ఉంది. ఆయనకు కావలసిందీ అదే.

ఇక కొలిచే పనిముట్టు. నొక్కి బల్లపరుపుగా చేసిన అయిదంగుళాల బంగారు తీగకు ఒక అయస్కాంత సూది వేలాడుతుంటుంది. కింద రాగి పట్టీలో కరెంటు పారితే సూది పక్కకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో చూసి రాసుకోవడం సులువే. కానీ సూది పక్కకు జరిగేకొద్దీ దాని మీద కరెంటు చూపే లాగుడు కూడా మారిపోతుంది. అందుకని ఓమ్ సూదిని తిరగనివ్వలేదు. పైనున్న బిరడాను తిప్పి, బంగారు తీగకు పురిపెట్టి, సూదిని దాని మొదటి చోటికే తెచ్చి నిలబెట్టాడు. అందుకు ఎంత పురి పట్టిందో, ఒక చుట్టులో నూరో వంతుల లెక్కన రాసుకున్నాడు. ప్రతి కొలతలోనూ సూది ఒకే చోట ఉంటుంది, మారేది పురి ఒక్కటే. ఆ ఒక్క నిర్ణయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కొలవవలసిన రాగి తీగలు ఎనిమిది, మందం ఒక్కటే. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కదాని కొసలు పాదరసం గిన్నెల్లో ముంచితే చాలు, అతుకు గట్టిగా కుదురుతుంది. 1826 జనవరి 8న రెండంగుళాల తీగకు పురి 326¾ వచ్చింది. 130 అంగుళాల తీగకు 48½. పొడవు 65 రెట్లు పెరిగినా కరెంటు ఏడో వంతుకైనా పూర్తిగా పడిపోలేదు. నేనైతే ఇక్కడే చిక్కుపడేవాణ్ణి.

ఓమ్‌కు అందులో తన పనిముట్టు కనిపించింది. కరెంటు తీగ ఒక్కదానిలోనే కాదు, బిస్మత్‌లోనూ రాగి పట్టీల్లోనూ పాదరసంలోనూ నడవాలి, వాటి అడ్డు కూడా లెక్కలోకి రావాలి. ఆ అడ్డంతా కలిపి 20¼ అంగుళాల రాగి తీగతో సమానమని తేల్చాడు. ఏ తీగ తీసుకున్నా దాని పొడవుకు 20¼ కలిపి, ఆ మొత్తంతో 7285ను భాగిస్తే పురి ఎంత రావాలో తెలుస్తుంది. కాగితం మీద వేసి చూశాను. 34 అంగుళాలకు లెక్క 134.3 అంటుంది, ఆయన కొలత 134½. 130కి లెక్క 48.49, కొలత 48½. కాస్త ఎడంగా ఉన్న 66 అంగుళాల దగ్గర కూడా తేడా నూటికి ఒకటిన్నర లోపే. తర్వాత వేడిమి తేడా బాగా తగ్గించి మళ్లీ కొలిచాడు. 7285 స్థానంలోని అంకె చిన్నదైపోయింది, 20¼ మాత్రం అలాగే ఉంది. మొదటిది తోసే బలం, ఈనాటి వోల్టేజి. రెండోది తీగ పొడవుతో కలిస్తే మొత్తం నిరోధం.

సామర్థ్యం లెక్క ఇంగ్లండులో తేలింది. 1840ల మొదట్లో జేమ్స్ జౌల్ తీగను నీళ్లలో ఉంచి, కరెంటు పంపి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. వేడి, కరెంటు వర్గాన్ని బట్టి, నిరోధాన్ని బట్టి పెరిగింది. ఓమ్ భాగహారాన్ని దీనికి జతచేస్తే వోల్టేజిని కరెంటుతో హెచ్చవేయడమే మిగులుతుంది. మన ఇంటి గీజరు 230 వోల్టులకు 2000 వాట్లయితే, కరెంటు 8.7 ఆంపియర్లు, నిరోధం సుమారు 26½ ఓములు. లో వోల్టేజిలో 180 వోల్టులే వస్తే సామర్థ్యం 1225 వాట్లకు పడిపోతుంది. వోల్టేజి తగ్గింది అయిదో వంతు చిల్లరే, వేడి మాత్రం దాదాపు అయిదింట రెండు వంతులు పోయింది. నీళ్లు కాగడానికి అంతసేపు పట్టేది అందుకే.

మోటారు వైండింగు నిరోధం చూసేటప్పుడు మంచి మెకానిక్ చేసే పని ఒకటుంది. మీటరు రెండు ప్రోబులను ముందు ఒకదానికొకటి తాకించి చూస్తాడు. సున్నా రావలసిన చోట 0.3 ఓములు కనిపిస్తాయి. అది మీటరు తీగల సొంత అడ్డు. తర్వాత వైండింగు 2.4 చూపిస్తే, 2.1 అని రాసుకుంటాడు.