సాక్షి సంతకం

మా అమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్ళినాటి పట్టుచీర అడుగున, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలలు ఉండేవి. వేసవి మధ్యాహ్నాల్లో, చిత్తూరు ఇంట్లో పెద్దవాళ్ళంతా కునుకు తీస్తుంటే, నేనూ మా చిన్నక్కా వాటిని చప్పుడు కాకుండా తీసి చదివేవాళ్ళం. యుగంధర్ ఉన్నాడంటే ఇక భయం లేదు. హత్య ఎవరు చేసినా ఆఖరి పేజీలోపల పట్టుబడి తీరాల్సిందే. పుస్తకం మూసి, హాయిగా ఊపిరి పీల్చుకుని, మామిడికాయ ముక్కలకి ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళం. నేరమంటే ఓ చిక్కుముడి, విప్పేస్తే అయిపోయింది అనే చాలాకాలం అనుకున్నాను.

ఆ నమ్మకాన్ని కాస్తా పాడుచేసినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు. రావిశాస్త్రి అంటే మీకందరికీ తెలుసు. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో ప్లీడరుగా పనిచేసి, 1993లో కన్నుమూశారు. ఆయన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం కేసుల చుట్టూ అల్లినవి. ఎక్కడో విశాఖ గొడవలు మనకెందుకు అనుకోకండి. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో ఆ నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడే మన చిత్తూరు, కడప జిల్లాలకి తెచ్చింది!

చెప్పొద్దూ, మొదటిసారి భాష దగ్గరే తడబడ్డాను. ‘ఏందిమే’ అని పలకరించుకునే మా చెవులకి ఆ ఉత్తరాంధ్ర యాస ఓ పట్టాన ఎక్కలేదు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు పైకి చదువుకున్నాను. అంతే, మనుషులొచ్చి ఎదురుగా కూర్చున్నారు.

‘మాయ’ కథనే చూడండి. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా నల్లకోటు తొడుక్కున్న మూర్తి. ఎవరు చేశారన్న ఉత్కంఠేమీ లేదు. చట్టం చదువుకున్నవాడు అతను, అది ఎలా నడుస్తుందో ఎరిగినది ఆమె. ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో మనకి త్వరలోనే తెలిసిపోతుంది. ముత్యాలమ్మని ఆయన దేవతను చెయ్యలేదు. మనిషిగా ఉంచారు, అదే గొప్ప.

షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కోనన్ డాయిల్‌కి కూడా నిజం కేసు చేతికొచ్చేసరికి కథ మారిపోయింది. జార్జి ఎడాల్జీ అనే యువ ప్లీడరు. తండ్రి బొంబాయి నుంచి వెళ్ళి, ఇంగ్లండులో ఓ పల్లెలో చర్చి గురువుగా స్థిరపడిన పార్సీ. రాత్రివేళ ఓ గుర్రాన్ని కత్తితో కోశాడని 1903లో జార్జికి ఏడేళ్ళ శిక్ష వేశారు. మూడేళ్ళయ్యాక వదిలారు. డాయిల్ అతన్ని కలవడానికి వెళ్తే, పేపరుని కళ్ళకి ఆనించుకుని చదువుతూ కనిపించాడట. ఈ చూపుతో చీకట్లో పొలాలకి అడ్డంపడి వెళ్ళాడా? 1907లో డాయిల్ పత్రికలో రాశారు. ఆ ఏడే క్షమాభిక్ష దొరికింది, పరిహారం మాత్రం పైసా ఇవ్వలేదు. కథలో హోమ్స్ దోషిని పట్టిస్తాడు. నిజంలో డాయిల్‌కి దొరికింది శిక్షపడిన నిర్దోషి!

ఇప్పుడు నా సంగతి. తిరుపతిలో మేం అద్దెకున్న వీధి మొగలో ఒకామెకి చిన్న బంకు ఉండేది. దొంగచాటుగా మందుసీసాలు అమ్ముతోందని ఆమెని పట్టుకున్నారు. ఆ సాయంత్రం ఒకాయన పంచనామా కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, “సాక్షిగా ఓ సంతకం పెట్టండి సార్” అన్నాడు. మావారి కళ్ళెదుట సోదా చేసినట్టు, పది సీసాలు దొరికినట్టు అందులో రాసివుంది. సోదా వేళకి మేం ఇంట్లో ఉప్మా తింటున్నాం. మావారు నా వంక చూశారు.

“పెట్టేయండీ, మనకెందుకొచ్చిన గొడవ” అన్నాను. ఆ మాట అన్నది నేనే, నవలలు రాసుకునే మనిషిని!

ఆమె అమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు. అమ్మే ఉండొచ్చు. కానీ ఆ కాగితంలో చూశామని రాసిన అబద్ధం ఆమెది కాదు, మాది. అందరికీ భయపడే ‘అల్పజీవి’ సుబ్బయ్యని తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నానో! ఆ రాత్రి మా ఇంట్లో ఇద్దరు సుబ్బయ్యలు నిద్రపట్టక దొర్లారు.

రావిశాస్త్రిగారిలో లోపాలు లేవని కాదు. ఒక ఉపమానం చాలినచోట నాలుగు పోస్తారు. వెక్కిరింత ఒక్కోసారి మరీ సాగుతుంది. వరసగా చదివితే లోకంలో మంచివాడే లేడేమోనని గుబులు పుడుతుంది. రోజుకో కథ చొప్పున చదవమనే నా సలహా. అయినా చదవండి. డిటెక్టివ్ నవల నేరస్థుణ్ణి వెతుకుతుంది. ఈయన నేరాన్ని ఎవరి పేర రాశారని, రాస్తుంటే పక్కన ఎవరు నిలబడి ఊరుకున్నారని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న మనలాంటివాళ్ళకే.

బంకు ఆమె కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. కరివేపాకు కోసం వెళ్తే, “ఏమ్మా, బాగుండారా? శానా దినాలాయె” అని పలకరించింది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. సంతకం ఎవరిదో ఆమెకి తెలుసో తెలియదో. నేను మటుకు ఆమె ముఖం చూడలేక చిల్లర మళ్ళీ లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.