ముద్దాయి పక్షమున నిలుచువాడు

హాట్‌స్టార్‌లో 2019లో వెలువడిన ‘క్రిమినల్ జస్టిస్’ ధారావాహికలో పంకజ్ త్రిపాఠి ధరించిన మాధవ్ మిశ్రా పాత్ర నాకు మిక్కిలి ఇష్టమైనది. పోలీసు ఠాణాల వాకిళ్లలో కక్షిదారులకై వేచియుండు ఆ చిన్న వకీలు, హత్యానేరము నెత్తిన పడిన ఒక యువకుని చెంత చేరి, వాని మాట వినుటకు ఒక మనిషి కలడను ధైర్యమును కలిగించుట చూచినప్పుడు, ఈ వృత్తికి ప్రాణమెచ్చట ఉన్నదో ఆ కథ అల్లినవారికి తెలియునని తోచినది. దానికి మూలమైన బ్రిటిషు ధారావాహికను 2008లో రచించిన పీటర్ మోఫాట్ పూర్వాశ్రమమున బారిస్టరే.

అయినను ఈ తరహా కథలకు ఒక పాత అలవాటు కలదు. 1957 నుండి 1966 వరకు అమెరికాలో ప్రసారమైన ‘పెర్రీ మేసన్’ నాటినుండియు ముద్దాయి వకీలు బోనులోని సాక్షిని నిలదీసి, అసలు హంతకునిచేతనే నేరము ఒప్పించుచున్నాడు. నేరము చేసినదెవరో కనిపెట్టు భారమును చట్టము అతనిపై ఎన్నడును మోపలేదు. ప్రాసిక్యూషను వారు చెప్పిన కథ సహేతుకమైన సందేహమునకు తట్టుకొని నిలుచునా లేదా యని పరీక్షించుటయే అతని ధర్మము. ముద్దాయి నిర్దోషి యని ప్రేక్షకునికి ముందే తెలిసిన కథలో ఆ ధర్మముయొక్క కాఠిన్యము కానరాదు.

క్రాస్ ఎగ్జామినేషను అన్న విద్యను నేను నాంపల్లి క్రిమినల్ కోర్టులలో, సీనియరుగారి వెనుక ఫైళ్లు మోయుచు నేర్చుకొంటిని. ఒకనాడు ఒక దుకాణదారుడు బోనెక్కి, వీధిదీపపు వెలుతురులో ముద్దాయి ముఖమును స్పష్టముగా చూచితినని చెప్పెను. సీనియరుగారు లేచి, “దీపం వెలుగుతున్నదని పోలీసువారికి కూడా చెప్పినావా, నాయనా?” అని మెల్లగా అడిగిరి. “చెప్పిన సార్” అని అతడనెను. పోలీసులు దర్యాప్తులో వ్రాసికొన్న 161 స్టేట్‌మెంటులో దీపము ఊసే లేదు. అబద్ధమాడుచున్నావని గద్దింపక, ఆయన కూర్చుండిపోయిరి; గద్దించినచో సాక్షి సర్దుకొనుటకు సందు దొరకెడిది. కొన్ని నెలలకు దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆ సాక్షి దీపము మాట తమతో చెప్పెనా యని అడుగగా, లేదని జవాబు వచ్చెను. వాదనలనాడు ఆ రెండు ముక్కలను ఒకచోట చేర్చి జడ్జిగారి ముందుంచిరి. ఆ రెండు ప్రశ్నల నడుమ గల ఓర్పును తెరమీద చూపుట కష్టమే, కాని అసాధ్యము కాదని నా నమ్మకము.

కోఠి కాలిబాటల మీది పాత పుస్తకముల రాసులలో ఇప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడు వ్యాఖ్యానములు దుమ్ముపట్టి పడియున్నవి. 2024 జులై 1 నుండి కొత్త చట్టములు అమలునకు వచ్చి, ఆ 161వ సెక్షను 180గా మారినది.

మనవారు తీయదగిన కథ మన ముంగిటనే ఉన్నది. తెలంగాణ సాయుధ పోరాటపు రోజులలో నల్లగొండ ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో 12 మందికి ఉరిశిక్ష విధించినవి. ఆ డిసెంబరులోనే మూసీ ఒడ్డున గల హైకోర్టు ఆ శిక్షలను ఖాయపరచినది. నెలన్నర తిరుగకముందే రాజ్యాంగము అమలునకు వచ్చినది. లండను నుండి డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చి, సుప్రీంకోర్టులో వారి పక్షమున నిలిచి, ప్రాణములే పణమైన విచారణలో వకీలును పెట్టుకొను అవకాశము వారికి సరిగా దక్కలేదని వాదించెను. 1951 మార్చి 16న న్యాయస్థానము ఆ పిటిషన్లను కొట్టివేయుచు, ఉరిశిక్ష పడదగిన కేసులో ముద్దాయికి వకీలు లేనంతమాత్రమున ప్రతి విచారణయు చెల్లకపోదని పలికినది. పిదప ఆ శిక్షలు యావజ్జీవముగా మారి, వారి ప్రాణములు దక్కినవి.

సెషన్సు కోర్టులో వకీలును పెట్టుకొను స్తోమత లేనివానికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇయ్యవలెనని 1973 నాటి కోడులో 304వ సెక్షను వచ్చినది. 1976లో రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేరినది. అశోక్‌నగర్ గదులలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువు పిల్లలు చిక్కడపల్లి గ్రంథాలయమున వల్లెవేయు ఆ అంకెల వెనుక, నల్లగొండ ముద్దాయిల వంటివారి ఒంటరితనము కలదని ఎవరేని వారికి కథగా చెప్పిన బాగుండును. 1951 నాటి సుప్రీంకోర్టు రిపోర్టులలో జనార్దన్ రెడ్డి పేర ఆ తీర్పు అచ్చయియున్నది. ఎనిమిది భాగముల ధారావాహికకు చాలినంత సామగ్రి ఆ కేసులో ఉన్నది. తొలి భాగములలో వకీలు పాత్రయే లేకుండ దానిని వ్రాయగల సాహసి మన కుర్రకారులో ఒకడు బయలుదేరవలెనని నా కోరిక.