నిరాకరణే గుణమైన చోట: లినక్స్ ‘డివైజ్ డాక్స్’ డ్రైవర్ – విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

డివైజ్ డ్రైవర్ అంటే ఏమిటని గుంటూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: పరికరానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ వారధి. పరీక్షలో ఈ మాటకు మార్కులు పడతాయి. కానీ ఏ డ్రైవర్ మంచిది, ఏది కాదు అని తేల్చడానికి ఈ నిర్వచనం ఏమాత్రం అక్కరకు రాదు. కావ్యాన్ని చదవకుండా కావ్యలక్షణాలను వల్లించినట్టే, మనం డ్రైవర్ పాఠాన్ని చదవకుండా డ్రైవర్ లక్షణాలను బోధిస్తున్నాం. ప్రోగ్రామ్ కూడా మనుషులు రాసి, మనుషులు చదివి, ఆమోదించిన రచనే కనుక, దాన్ని రచనగానే పరిశీలించవచ్చునన్నది ఈ వ్యాసం పూనిక. అందుకు ఎంచుకున్నది అప్లికేషన్లకు మెమరీని నేరుగా, వేగంగా అందించే ‘డివైజ్ డాక్స్’. ఇంటెల్ సంస్థకు చెందిన డాన్ విలియమ్స్ రాసిన ఈ డ్రైవర్ 2016 జులైలో విడుదలైన లినక్స్ 4.7తో కెర్నల్‌లో భాగమైంది.

రెండు దింపుళ్ల కథ

మిర్చి యార్డు తెలిసినవారికి దీని అవసరాన్ని వివరించడం సులువు. చేలోంచి వచ్చిన టిక్కీలు కమీషన్ కొట్టు ముందు దిగుతాయి. కాటా అయ్యాక మళ్లీ లారీకెక్కి కొన్నవారి గిడ్డంగిలో దిగుతాయి. సరుకు ఒకటే, దింపుళ్లు రెండు. లినక్స్‌లో అప్లికేషన్ ‘రీడ్’ అని అడిగినప్పుడు జరిగేదీ ఇదే. డిస్కులోని దత్తాంశం మొదట కెర్నల్ అధీనంలోని పేజ్ క్యాష్‌లో దిగి, అక్కడినుంచి అప్లికేషన్ బఫర్‌లోకి నకలవుతుంది. డిస్కు నిదానంగా తిరిగినంత కాలం ఇది తెలివైన ఏర్పాటే. మిల్లీసెకన్ల ఎదురుచూపు ముందు ఒక నకలు ఖర్చు లెక్కలోకి రాదు. పైగా రెండోసారి అడిగితే సరుకు కొట్టులోనే దొరుకుతుంది.

ర్యామ్ స్లాట్‌లోనే కూర్చుని, ప్రాసెసర్ ఆదేశాలకు నేరుగా బదులిస్తూ, కరెంటు పోయినా దత్తాంశాన్ని నిలుపుకొనే పర్సిస్టెంట్ మెమరీ రంగంలోకి వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. మెమరీ నుంచి మెమరీకి నకలు తీయడం శుద్ధ దండగ. అందుకే ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థలు పేజ్ క్యాష్‌ను తప్పించే డాక్స్ మార్గాన్ని చేర్చుకున్నాయి. మరి ఆ సౌకర్యం ఉండగా వేరొక డ్రైవర్ ఎందుకు? ఫైల్ వ్యవస్థ తన అవసరాలు తాను చూసుకుంటుంది. ఫైలుకు స్థలం ముక్కలుముక్కలుగా దొరికితే, పెద్ద పేజీ కోరుకున్న అప్లికేషన్‌కు నాలుగు కిలోబైట్ల పేజీలే దక్కుతాయి. ఎప్పుడు ఏది దక్కుతుందో ముందుగా చెప్పలేం. డివైజ్ డాక్స్ ఈ అనిశ్చితిని తొలగించడానికి పుట్టింది. ‘వేగం’ అనే మాట దీని గురించి ఎక్కువగా వినిపిస్తుంది కానీ, పాఠాన్ని చదివితే దాని అసలు ధ్యేయం నిశ్చితత్వమని, వేగం దాని వెంట వచ్చేదని తెలుస్తుంది.

నిరాకరణల స్వరూపం

ఈ డ్రైవర్ చేసే పనుల కంటే చేయనన్న పనులు ఎక్కువ. తెరవడం, మూయడం, ఎమ్‌మ్యాప్ ద్వారా చిరునామాల్లోకి తెచ్చుకోవడం – దాదాపు ఇంతే. రీడ్, రైట్ లేవు. లినక్స్‌లో అన్నీ ఫైళ్లేనన్న నమ్మకంతో దీని మీద ‘క్యాట్’ ప్రయోగించినవారికి భంగపాటు తప్పదు. దీనిలోంచి దత్తాంశాన్ని తీయడానికీ, దీనిలోకి ఎక్కించడానికీ పీఎండీకే గ్రంథాలయంలో ‘డాక్స్‌ఐఓ’ అనే సాధనాన్ని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది.

ఎమ్‌మ్యాప్ వద్ద కూడా రెండు కట్టుబాట్లున్నాయి. మొదటిది, మ్యాపింగ్ ఉమ్మడిదే కావాలి. సొంతానికి మ్యాపింగ్ అడిగితే తిరస్కారమే. దీనికి కారణం ఆలోచించదగినది. సొంత మ్యాపింగ్‌లో రాత మొదలైన క్షణాన కెర్నల్ మామూలు ర్యామ్‌లో మరో పేజీ తీసి నకలు చేయాలి. ఏ నకలును తప్పించడానికి ఈ డ్రైవర్ పుట్టిందో ఆ నకలే దొడ్డిదారిన లోపలికి వస్తుంది. రెండోది, మొదలూ చివరా పరికరానికి నిర్ణయించిన కొలతకు సరిపోవాలి. ఎక్స్‌86 యంత్రాల్లో ఇది సాధారణంగా రెండు మెగాబైట్లు. ఒక్క టిక్కీ ఇవ్వరు; గదికి గది తీసుకోవాల్సిందే. ఆ పెద్ద పేజీతో మ్యాపింగ్ కుదరకపోతే చిన్న పేజీలతో సర్దుకుపోదు. అప్లికేషన్‌కు సిగ్‌బస్ సంకేతం పంపుతుంది. కఠినమే. కానీ గుట్టుచప్పుడు కాకుండా నెమ్మదించే డ్రైవర్ కంటే, కుదరదని ముఖం మీదే చెప్పే డ్రైవర్ నయమని నా అభిప్రాయం. మందగింపుకు కారణం వెతకడంలో వారాలు గడిచిపోతాయి. తిరస్కారం మొదటి రోజే బయటపడుతుంది.

అయితే ఆ చెప్పే తీరు మాత్రం మెచ్చదగినది కాదు. సొంత మ్యాపింగ్ అడిగినా, కొలత తప్పినా అప్లికేషన్‌కు అందేది ‘ఈఇన్వాల్’ అనే ఒకే దోషసంకేతం. అసలు కారణం కెర్నల్ లాగ్‌లో ఉంటుంది. ఆ లాగ్ చూసే అనుమతి సాధారణ వాడుకరికి ఉండాలన్న నియమం లేదు. నిరాకరణే తన గుణమైనప్పుడు, నిరాకరణ భాష మీద ఇంకాస్త శ్రద్ధ ఉండవలసింది.

మౌనం

అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటుంది. మధ్యవర్తి తప్పుకుంటే అతని కమీషన్ మిగులుతుంది, నిజమే; అతని పద్దు పుస్తకం కూడా పోతుంది. మామూలు ఫైలులో రాశాక ‘ఎఫ్‌సింక్’ అంటే చాలు, దత్తాంశాన్ని భద్రపరిచే పూచీ కెర్నల్‌ది. డివైజ్ డాక్స్‌లో ఎఫ్‌సింక్ లేదు. అప్లికేషన్ ఒక విలువ రాస్తే అది ముందు ప్రాసెసర్ క్యాష్‌లో ఉంటుంది. క్యాష్‌ను సైతం కాపాడే ఏర్పాటున్న యంత్రాల్లో తప్ప, ఆ క్షణంలో కరెంటు పోతే రాత పోయినట్టే. ప్రోగ్రామరే క్యాష్ పంక్తిని మెమరీలోకి నెట్టే ఆదేశం ఇచ్చి, తర్వాతి రాతలు దాన్ని దాటిపోకుండా కంచె ఆదేశం వేయాలి. ఇందులో ఒక్క అడుగు తప్పినా, ప్రయోగశాలలో నూరుసార్లు సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ నూటొకటోసారి కరెంటు పోయినప్పుడు దత్తాంశాన్ని చెరుపుతుంది. కోత లేని వేసవి ఎరుగని మన ప్రాంతపు విద్యార్థికి ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. ఇంతటి బాధ్యతను బదలాయిస్తూ డ్రైవర్ పాఠం ఆ సంగతిని ఎక్కడా నొక్కి చెప్పదు. దాన్ని పీఎండీకే వంటి గ్రంథాలయాల నుంచి నేర్చుకోవాలి.

చెడిన మెమరీ విషయమూ అంతే. అదే మెమరీని బ్లాక్ పరికరంగా వాడితే, రీడ్ ఒక దోషసంఖ్యతో తిరిగి వస్తుంది. దాన్ని చూసి ప్రోగ్రామ్ దారి మార్చుకోవచ్చు. నేరుగా వాడినప్పుడు బస్తాలో తాలు తగిలితే సిగ్‌బస్ వస్తుంది. దాన్ని పట్టే ఏర్పాటు లేని ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది.

పేరు, పని

2019లో వెలువడిన లినక్స్ 5.1లో డేవ్ హాన్సెన్ చేర్చిన ‘కెమెమ్’ ఈ కథను మలుపు తిప్పింది. డాక్స్ పరికరంగా గుర్తించిన మెమరీని మామూలు ర్యామ్‌గా కెర్నల్‌కు అప్పగించే మార్గమది. 2022లో ఇంటెల్ తన ఆప్టేన్ మెమరీ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఏ సరుకు కోసం ఈ డ్రైవర్ పుట్టిందో ఆ సరుకే అంగడి నుంచి వెళ్లిపోయినా డ్రైవర్ నిలిచింది. ఇప్పుడు సీఎక్స్‌ఎల్ ద్వారా జోడించే మెమరీకి ఇదే దారి చూపుతోంది. వేరు లక్షణాలున్న మెమరీని విడిగా పట్టి చూపడమనే మూలభావన పరికరాన్ని మించినదని దీనివల్ల తేలింది. కానీ కెమెమ్ చేతికి వెళ్లిన మెమరీని ఏ అప్లికేషన్ నేరుగా అందుకోదు. అది కెర్నల్ పంపకంలో మిగతా ర్యామ్‌తో కలిసిపోతుంది. నేరుగా అందుకోవడమనే అర్థాన్నిచ్చే డాక్స్ అన్న పేరు మాత్రం దాని మీద అలాగే ఉంది. డ్రైవర్ల తరగతిలో ఈ పాఠాన్ని చదివించదలచిన అధ్యాపకులు ఎమ్‌మ్యాప్ కట్టుబాట్లను తనిఖీ చేసే చిన్న ఫంక్షన్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత కెమెమ్ దగ్గరికి వెళితే, పేరుకూ పనికీ నడుమ ఏర్పడిన ఈ ఎడాన్ని విద్యార్థులే పట్టుకుంటారు.