యాత్రారచనలో అడవి, అడవి మనుషులు

లక్డీకాపూల్‌లో ఉండే మిత్రులొకరు ఉద్యోగ విరమణ తరువాత ఉగాండా వెళ్ళివచ్చి, ఆ యాత్రను గ్రంథంగా వ్రాసి, నన్ను పీఠిక వ్రాయమన్నారు. వ్రాయలేకపోయాను. కారణం వారికి నోటితో చెప్పాను. అది వారొక్కరితో తీరే విషయం కాదు గనుక, వారి అనుమతితోనే, ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆయనకు చూసే కన్ను ఉంది. ముందుగా అది ఒప్పుకోవాలి. విశాలంగా పారుతూ వచ్చిన నైలునది మర్చిసన్ జలపాతం దగ్గర ఏడెనిమిది మీటర్ల రాతిసందులో ఇరుక్కుని, 43 మీటర్ల కిందికి దూకుతుంది. తుంపర పడి కళ్ళద్దాలు మసకబారితే, వాటిని తుడుచుకుంటూ చప్పుడు మాత్రమే విన్నానని ఆయన వ్రాశారు. మన యాత్రారచనల్లో మోగే విశేషణాల కంటే ఆ వాక్యం ఎంతో మేలు.

కాని ఇంత గ్రంథంలోనూ ఆఫ్రికా మనిషి పేరుతో ఒక్కడూ లేడు. రోజుల తరబడి జీపు నడిపి, సింహం జాడ పట్టి చూపినవాడు ‘మా డ్రైవరు’. పడవ నడిపినవాడు ‘ఒక నల్లని యువకుడు’. సింహాలకు మాత్రం లెక్క ఉంది.

‘పార్కులో ఊళ్ళే లేవండీ, ఎవరిని వ్రాయమంటారు?’ అన్నారాయన. నిజమే, లేవు. ఎందుకు లేవన్నదే ప్రశ్న. 1864లో శామ్యూల్ బేకర్ ఈ జలపాతానికి లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పెద్ద మర్చిసన్ పేరు తగిలించాడు. ఆ నేల బున్యోరో రాజ్యానిది. దాని రాజు కబలేగా బ్రిటిషు సేనలతో ఏళ్ళ తరబడి పోరాడి, 1899లో పట్టుబడి, సేషెల్స్ దీవుల్లో ప్రవాసం అనుభవించాడు. తరువాత నిద్రజబ్బు ప్రబలినప్పుడు వలస ప్రభుత్వం అక్కడి జనాన్ని ఖాళీ చేయించింది. జబ్బు అబద్ధం కాదు, చావులూ అబద్ధం కావు. కాని ఖాళీ అయిన నేల వేటజంతువుల రక్షిత ప్రాంతమై, 1952లో జాతీయ పార్కు అయింది. మా మిత్రులు పరవశించిన ఆ నిర్మానుష్యత ప్రకృతి ప్రసాదించినది కాదు, సర్కారు తయారు చేసినది. జలపాతానికి కబలేగా పేరు కొన్నాళ్ళు నిలిచింది. పెట్టినవాడు ఈదీ అమీన్ కావడం చరిత్ర చేసిన వెక్కిరింత. మనుషులకు చోటులేని ఆ పార్కులోనే 2023లో చమురు బావులు తవ్వడం మొదలుపెట్టారు.

లక్డీకాపూల్‌లో కట్టెవంతెన ఇప్పుడు లేదు. పేరు మాత్రం ఆ వంతెనను మోస్తూనే ఉంది. మర్చిసన్ అనే పేరు చేసేది దీనికి పూర్తిగా విరుద్ధమైన పని.

సరదాకు వెళ్ళిన యాత్రికుడు ఇంత చరిత్ర చదవాలా అని కొందరు అడుగుతారు. అక్కరలేదు. డ్రైవరు పేరు అడగడానికి చరిత్రతో పనిలేదు.

ఇంతా చెప్పి, నా పాత వ్యాసమొకటి తీసి చూసుకున్నాను. ఆదిలాబాదు జిల్లాలోని కుంతాల జలపాతం గురించి. ఎత్తు దాదాపు 45 మీటర్లు, మర్చిసన్‌కు ఏమీ తీసిపోదు. శకుంతల, దుష్యంతుడు, వారి జలక్రీడలు, అన్నీ తన్మయత్వంతో వ్రాశాను. జారుడు రాళ్ళ మీద నా చెయ్యి పట్టుకుని కిందికి దింపిన గోండు కుర్రవాడు అందులో లేడు. అడవి మీద, నేల మీద గోండుల హక్కు కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో నిజాం పోలీసుల తుపాకులకు బలైన జోడేఘాట్ కూడా ఆనాటి ఆదిలాబాదులోదే. దాని ఊసు నా వ్యాసంలో లేదు. ఆ వైపు కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది. దాని లోపలి రాంపూర్, మైసంపేట గూడేలను 2024లో బయటికి తరలించారు. రేపు జీపులో వెళ్ళే యాత్రికుడు, అక్కడ ఊళ్ళే లేవండీ అని వ్రాస్తాడు.

మొన్న మిత్రుల ఇంటికి వెళితే, మూడవ ప్రకరణం మళ్ళీ వ్రాస్తున్నారు. వాట్సాప్‌లో అడిగారట, డ్రైవరు తన పేరూ, ఊరి పేరూ, తాతగారి పేరూ పంపాడట. గోండు కుర్రవాడి పేరు కనుక్కునే దారి నాకు తోచలేదు.